అరుగు మీద మంచం

ఊరి మొత్తానికి నాలుగు ఫోన్లు ఉన్న రోజులు. ఆ శనివారం పొద్దున్నే సావిత్రి కాఫీ గ్లాసుతో హాలు గుమ్మంలో నిలబడి, ఇవాళ ఈ గది అంతు తేల్చాల్సిందే అనుకుంది.

గదిలో మనిషి నడవడానికి మిగిలిన దారి మూరెడు. మూడు బియ్యం బస్తాలు, టీవీ, కుట్టుమిషను, తిరగని గోడ గడియారం, ఇంట్లో పసిపిల్లలెవరూ లేకపోయినా ఒక ఉయ్యాల తొట్టి, కిటికీ పక్కన అత్తగారు రమణమ్మ నవారు మంచం. మంచం కింద ఏముందో రమణమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పదో తరగతి చదువుతున్న కూతురు వెంకటదుర్గకు బల్ల వేసే చోటు లేక, పిల్ల కుట్టుమిషను మీద పుస్తకం పెట్టుకుని చదువుతోంది. పాఠం ధ్యాసలో పడితే కాళ్లు వాటంతటవే మిషను తొక్కేస్తాయి. ఆ చప్పుడుకి చదివింది పోతుంది.

రంగులు వేయించే స్తోమత లేదు. నీలిమందు కలిపిన సున్నం, కిటికీకి కొత్త పరదా, కిటికీ కింద పాత బల్ల. ఇంతే సావిత్రి పథకం. భర్త ఆదినారాయణ అంబాజీపేటలో కొబ్బరి కొట్టు గుమాస్తా. రాత్రి అంతా విని, "బాగానే ఉంది. మంచం సంగతి మాత్రం అమ్మతో నువ్వే చెప్పు" అని, పొద్దున్నే రోజూకంటే అరగంట ముందే సైకిలెక్కేశాడు.

"అత్తయ్యగారూ, మీ మంచం పెరటి గదిలో వేయిస్తానండి. అక్కడ గాలి బాగా వస్తుంది."

"గాలి ఎవరిక్కావాలమ్మా? నాకు వీధి కావాలి."

రమణమ్మ పదిహేనేళ్లుగా ఆ కిటికీలోంచే వీధిని చూస్తోంది. దారిన పోయే ప్రతివాళ్లూ ఆవిడతో ఒక మాట చెప్పి పోవాల్సిందే. పెరట్లోకి వెళితే తన్ను పలకరించేవాళ్లుండరని, నాలుగు నెలల్లో ఊరు తన్ను మరిచిపోతుందని ఆవిడ భయం. ఆ భయం బయటికి చెప్పడానికి అభిమానం అడ్డొచ్చింది. రాత్రి కొడుకూ కోడలి మాటల్లో ఈ కబురు చెవిన పడ్డప్పటి నుంచీ ఆవిడ కన్ను మూయలేదు.

సున్నం వేసే అప్పారావు వచ్చి సామానంతా వాకిట్లోకి మోశాడు. మంచం అరుగు మీద వేశాడు. రమణమ్మ వెంటనే వెళ్లి దాని మీద పడుకుంది.

"నా మంచం ఎక్కడుంటే నేనూ అక్కడే. ఇక్కణ్ణుంచి పెరట్లోకి ఎలా మోస్తారో మోయండి."

సావిత్రికి కోపం వచ్చింది. కోపం వచ్చినా, గోడలు గీకుతుంటే దుమ్ము అత్తగారి ముక్కుల్లోకి పోతుందని, ఉతికిన తెల్ల పంచె ఒకటి తెచ్చి తల నుంచి పాదాల దాకా కప్పింది. పరదా గుడ్డ కోసం ఆటో ఎక్కి కొత్తపేట వెళ్లింది. రాత్రంతా నిద్రలేని రమణమ్మ అయిదు నిమిషాల్లో గాఢంగా నిద్రపోయింది.

పొరుగింటి చిట్టెమ్మ కరివేపాకు కోసం వచ్చింది అప్పుడే. అరుగు మీది మంచాన్ని చూసి అక్కడే ఆగిపోయింది. ఇంట్లో ప్రాణం పోతే, ఆ వేళకి నక్షత్రం మంచిది కాకపోతే, నెలల తరబడి ఇల్లు విడిచిపెట్టాలి. అందుకే కడపటి ఘడియల్లో మనిషిని అరుగు మీదికి చేర్చడం ఆ వైపు ఆనవాయితీ. చిట్టెమ్మకి ఇది బాగా తెలుసు.

"అప్పారావూ! పిన్నిగారిని బయటికి ఎప్పుడు తెచ్చేరు?"

అప్పారావు నిచ్చెన మీద, ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఉన్నాడు. "ఎనిమిదింటికండి."

"సామానంతా తీసేస్తున్నారే! ఇల్లు ఖాళీ చేసేస్తున్నారా?"

"ఆయ్. మొత్తం ఖాళీ చెయ్యాలండి మరి."

"అయ్యో! సావిత్రేదీ?"

"గుడ్డ కొనడానికి కొత్తపేట వెళ్ళేరండి."

ఇంక అడగడానికి ఏం మిగిలింది? చిట్టెమ్మ పంచె తొలగించి చూసే ధైర్యం చేయలేదు. పరుగున ఇంటికి పోయి, మామిడికుదురులో ఉన్న రమణమ్మ తమ్ముడు మాణిక్యాలరావుకి ఫోన్ చేసింది. ఆయన మరో ముగ్గురికి చేశాడు. కొబ్బరి కొట్టుకి మనిషి వెళ్లాడు.

పదకొండున్నరకల్లా వాకిలి నిండిపోయింది. మాణిక్యాలరావు ఒకే ఆటోలో పదిమందితో, ఒళ్లో బంతిపూల దండతో దిగాడు. అక్కను చూసి రెండేళ్లయింది. వాకిట్లో కనిపించిన బియ్యం బస్తా మీద కూలబడి ఏడ్చాడు.

"అక్కా! చిన్నప్పుడు ఉట్టి మీద బెల్లం తిన్నది నేనే. దెబ్బలు నువ్వు తిన్నావు. ఇన్నాళ్లూ చెప్పలేకపోయేను!"

ఒకళ్లు ఆవిడ తమ పురుటికి వచ్చి నెల్లాళ్లు నడుం వాల్చకుండా చేసిందన్నారు. ఇంకొకళ్లు పెళ్లిలో తమ పిల్లకి తన గొలుసు పెట్టిందన్నారు. ఆదినారాయణ సైకిలు స్టాండు కూడా వేయకుండా వదిలేసి, తల్లి పాదాల దగ్గర కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఈ ఏడుపులు విని అప్పారావు నిచ్చెన దిగి వచ్చాడు. ఇంటిల్లిపాదీ ఏడుస్తున్నారంటే, తను గోడలు గీకుతుండగానే పెద్దావిడ పోయి ఉంటుందనుకున్నాడు. నిజం తెలిసిన ఒక్క మనిషీ అలా మనసు మార్చుకుని, అందరికంటే గట్టిగా ఏడుపు అందుకున్నాడు.

సావిత్రి ఆటో దిగింది. వాకిట్లో జనం, దండ, భర్త ఏడుపు. చేతిలోంచి పరదా గుడ్డ జారిపోయింది. వెళ్లి మంచం మీద వాలిపోయింది.

"అత్తయ్యగారూ! పెరటి గది అన్నందుకే వెళ్లిపోయేరా? మీ మంచం కిటికీ దగ్గర్నుంచి జానెడు కూడా జరపనండి! నా పిల్ల మీద ఒట్టు! ఒక్కసారి లేవండి!"

పంచె లోపలి నుంచి స్పష్టంగా మాట వినిపించింది.

"అందరూ విన్నారు కదా?"

చిట్టెమ్మ కెవ్వుమంది. అప్పారావు వెనక్కి గెంతి సున్నం బాల్చీలో కాలు పెట్టాడు. రమణమ్మ పంచె తీసి నింపాదిగా లేచి కూర్చుంది.

"ఎప్పుడు మెలకువొచ్చిందే నీకు?" అన్నాడు మాణిక్యాలరావు, తడిసిన తువ్వాలు పిండుకుంటూ.

"బెల్లం దగ్గర."

"మరి లేవొచ్చు కదమ్మా!" అన్నాడు ఆదినారాయణ.

"ఇంతమంది నా గురించి మంచిగా చెబుతుంటే మధ్యలో అడ్డం రావడం మర్యాదట్రా?"

సావిత్రి కోప్పడదామని నోరు తెరిచింది. కోపం రాలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని మళ్లీ ఏడ్చింది. "పెరటి గదంటే ఇంత భయపడుతున్నారని నాతో ఒక్క మాట అనొచ్చు కదండీ." రమణమ్మ కోడలి తల నిమిరింది.

వచ్చినవాళ్లని భోజనం పెట్టకుండా ఎలా పంపుతారు? ఒకరు పప్పు పెట్టారు, ఒకరు పనసపొట్టు తరిగారు. వంటయ్యేలోగా అప్పారావు సున్నం వేసేశాడు. తెల్లగా మెరుస్తున్న ఖాళీ హాల్లో రెండు వరసల్లో విస్తళ్లు పడ్డాయి. దండ పారేయడం ఇష్టంలేక రమణమ్మ దాన్ని భర్త ఫోటోకి వేయించింది. ఆయనకి అంత పెద్ద దండ అదే మొదటిసారి.

భోజనాలయ్యాక ఆవిడ వాకిట్లోకి వచ్చి సామాను పంచడం మొదలుపెట్టింది. ఉయ్యాల తొట్టి తోటికోడలి మనవరాలికి. గోడ గడియారం మాణిక్యానికి. మంచం కింది డబ్బాల్లో ఇత్తడి చెంబులు, కుంకుమ భరిణెలు, వెండి మువ్వలు. ఒక్కోటి ఒక్కొక్కరికి.

"ఇవన్నీ ఎవరైనా వస్తే ఇద్దామని దాచేనమ్మా. ఎవరూ రాలేదు, ఇల్లు ఇరుకైపోయింది," అంది.

ఆటో ఎక్కబోతూ మాణిక్యాలరావు, ఇకమీదట ప్రతి నెలా వస్తానన్నాడు.

సాయంత్రం వెంకటదుర్గ బడి నుంచి వచ్చేసరికి అప్పారావు మంచం కిటికీ దగ్గర దించుతున్నాడు. రమణమ్మ ఆపింది.

"కాస్త ఇటు జరపవయ్యా. ఆ పక్కన పిల్ల బల్ల వెయ్యి."

"జానెడు కూడా జరపనన్నాను కదండీ," అంది సావిత్రి.

"జరపమని నువ్వనలేదమ్మా, నేనంటున్నాను. కిటికీకి రెండు తలుపులున్నాయి. ఒకటి దాని చదువుకి, ఒకటి నా వీధికి."

మరుసటి నెల చిట్టెమ్మ కూడా తన ఇంటికి సున్నం వేయించింది. సామాను బయట పెట్టే ముందు మాత్రం, వీధిలో గడప గడపకీ వెళ్లి, తమ ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నారని చెప్పి వచ్చింది.