కట్టెల కొట్టం మీద కళ్లెం

మా కొత్త కట్టెల కొట్టం కప్పు దూలానికి ఒక గుర్రపు కళ్లెం వేలాడుతోంది.

చూడగానే నా చేతిలోని రకియా సారా సీసా జారి కాలి బొటనవేలి మీద పడింది. నేను అరవలేదు. అరిస్తే జనం నావైపు చూస్తారు. పెరట్లో అప్పటికే ముప్పై మంది ఉన్నారు.

ఒక కళ్లేనికి అంత భయమెందుకు అంటారా? ఆ కొట్టం కట్టెలది కాదు, గుర్రానిది. ఆ రహస్యం నాకూ, నా నేస్తం జివాన్‌కీ, వడ్రంగి మేస్త్రి గ్రదిమీర్‌కీ తప్ప నాలుగో మనిషికి తెలియకూడదు. ఆ నాలుగో మనిషి నా భార్య దేసాంకా అసలే కాకూడదు.

ముప్పై ఎనిమిదేళ్ల వెనక్కి వెళ్లాలి.

మా పెళ్లినాటికి నాన్నకి జత గుర్రాలుండేవి. ఎర్రది రూజా, నల్లది గావ్రాన్. పెళ్లిబండి నేనే తోలతానని పట్టుబట్టాను. నాన్న వద్దన్నాడు. పెళ్లికొడుకు మాట ఆ ఒక్కరోజే చెల్లుతుంది కాబట్టి చెల్లించుకున్నాను. చర్చి మలుపు దగ్గరికి వచ్చేసరికి గుర్రాలు పరుగు లంకించుకున్నాయి. నేను మలుపులోనే కిందపడ్డాను. పెళ్లికూతురు మాత్రం బండిలోనే ఉండి, మొక్కజొన్న చేలకి అడ్డంపడి, కరాష్ ఏటి ఒడ్డుదాకా వెళ్లింది. మేలిముసుగు ఒక మల్బరీ చెట్టుకి చిక్కుకుని దొరికింది. చెప్పు ఒకటి ఈనాటికీ దొరకలేదు.

"గుర్రాలెందుకు బెదిరాయిరా?" అని ఊరంతా అడిగింది.

"ఇసిదోర్ వాటి చెవిపక్కన అకార్డియన్ వాయించాడు" అన్నాను.

ఊరు నమ్మింది. పెళ్లిళ్లలో వాయించి బతికే ఇసిదోర్ ఆ పూటనుంచి 'బెదురు ఇసిదోర్' అయిపోయాడు. గుర్రబ్బండి ఉన్న పెళ్లికి అతన్ని మళ్లీ ఎవరూ పిలవలేదు. ఆ రోజుల్లో గుర్రబ్బండి లేని పెళ్లే లేదు.

దేసాంకా మోకాళ్లదాకా బురదతో చర్చిలో నిలబడి గురువుగారికి "సమ్మతమే" అని చెప్పింది. బయటికి రాగానే నాతో చెప్పింది: "ఈ గడపలో గుర్రం ఉంటే నేనుండను."

మరుసటి వసంతంలో నాన్న గుర్రాల్ని అమ్మేశాడు. ట్రాక్టరు వచ్చింది. ఒక నెలపాటు ఆయన తెల్లవారగానే అలవాటుగా బకెట్‌తో నీళ్లు తీసుకుని ఖాళీ శాలలోకి వెళ్లేవాడు. కాసేపు నిలబడి, ఆ నీళ్లు గులాబీలకి పోసి వచ్చేవాడు. ఆ ఏడు గులాబీలు విరగబూశాయి. మేమెవరమూ వాటి గురించి మాట్లాడలేదు. తర్వాత శాల గోడలు కూలాయి, నాన్న కాలం చేశాడు. వాన పడినప్పుడు మాత్రం ఆ మూలనుంచి ఎండుగడ్డి, చెమట, తోలు కలిసిన వాసన లేచేది. అది నాకొక్కడికే వచ్చేదేమో.

ఈ ఏడు సెప్టెంబరులో జివాన్ వచ్చాడు. మా ఊళ్లో వాణ్ని 'సగం జివాన్' అంటారు. వాడు చెప్పిందాంట్లో సగం తీసేసి నమ్మాలి.

"మోకాళ్లు పనిచెయ్యడంలేదు తోజా. కూతురి దగ్గరికి పట్నం పోతున్నా. మా గుర్రం లాస్తాని ఎవరూ తీసుకోవడం లేదు. నవంబరులో దిమిత్రి పండుగలోపు చోటు దొరక్కపోతే మాంసం లారీ ఎక్కుతుంది. అది మీ రూజాకి మునిమనవరాలు, తెలుసా?"

సగం తీసేసినా ఏదో ఒక చుట్టరికం మిగులుతుంది కదా. ఆ సాయంత్రమే చర్చి క్యాలెండరు చించి, వెనకవైపు శాల నమూనా గీశాను. రెండోరోజు పొద్దున్నే దేసాంకా చేతికి చిక్కింది.

"ఏమిటయ్యా ఇది?"

"కట్టెల కొట్టం."

"మనింటికి గ్యాసు వచ్చి పదకొండేళ్లయింది."

"ఆగిపోతే?"

"సరే. కట్టెలకి కిటికీ ఎందుకు?"

"గాలాడకపోతే బూజు పడతాయి."

"గుమ్మం ఇంత ఎత్తేమిటి?"

"పొడుగు కట్టెలు, దేసా."

"నిలబడి నడిచొస్తాయా? నేలకి వాలు, కాలవ ఎందుకో?"

"పచ్చి కట్టెలు నీరు కారతాయి."

"మరి ఛాతీ ఎత్తున ఈ గాడి?"

"గాడి కాదు. చితుకులు వేసుకునే తొట్టి."

ఆవిడ పెన్సిలు తీసుకుంది. ఆవిడ గుమ్మాన్ని కొట్టేసి, ఇంకోవైపు గీసింది.

"తూర్పుకి పెడితే కొషావ చలిగాలి నేరుగా లోపలికి కొడుతుంది. దక్షిణానికి తిప్పించు. లేకపోతే కట్టెలకి జలుబు చేస్తుంది."

ఎంత అమాయకురాలో అని జాలిపడ్డాను. నా తెలివికి నేనే మురిసిపోయి, ఆ పూట రెండు కప్పుల కాఫీ ఎక్కువ తాగాను.

గ్రదిమీర్ మేస్త్రి పనిలోకి దిగాడు. గోడలు లేచాయి. ఇటుకలు అంచుమీద నిలబెట్టి నేల పరిచాడు, డెక్క జారకుండా. దేసాంకా రోజూ వచ్చి చూసేది. "కట్టెలు జారిపడవు కదా?" అని అడిగేది. "పడవమ్మా" అని మేస్త్రి మీసంలో నవ్వేవాడు.

ఇక కప్పు ఎక్కించే రోజు వచ్చింది. ఇక్కడే నేను ఒక సంగతి మరిచిపోయాను.

మా ఊళ్లో వాసాలు లేచిన రోజున చుట్టాలూ ఇరుగుపొరుగూ మేస్త్రులకి చొక్కాలూ తువ్వాళ్లూ తెస్తారు. వాటిని కప్పు దూలం పొడవునా కడతారు. మేస్త్రి పైనుంచి ఒక్కో కానుకా ఎవరిచ్చారో అరిచి చెబుతాడు. కానీ ఊపిరి ఉన్న ప్రాణి పడుకునే కప్పుకే ఇది చేస్తారు. ఇల్లు, పశువుల పాక, గుర్రపుశాల. కట్టెల కొట్టానికి ఎవరూ చేతిరుమాలు కూడా కట్టరు.

కాబట్టి ఎవరూ రారని, మధ్యాహ్నానికల్లా కప్పు పూర్తవుతుందని నా లెక్క. ఎనిమిది గంటలకి గేటు కిర్రుమంది. పక్కింటి లెపొసావా అత్త తువ్వాలుతో నిలబడింది.

"శుభం నాయనా! నీ కట్టెలు నూరేళ్లు చల్లగా బతకాలి!"

ఆవిడ వెనకాల ఇంకొకరు. వాళ్ల వెనకాల ఇంకో ఇద్దరు. తొమ్మిదికి దూలం నిండా బట్టలు రెపరెపలాడుతున్నాయి. జివాన్ని పట్టుకుని రేగు చెట్టు చాటుకి లాగాను.

"ఎవరికి చెప్పావురా?"

"ఒట్టు, తోజా! సగం ఊరికే చెప్పాను."

"మిగతా సగానికి?"

"వాళ్లకి ఆ సగం చెప్పుంటారు."

గేటు అవతల కంచెకి కట్టేసిన లాస్తా తోక ఊపుతోంది. ఎర్ర ఒళ్లు, నుదుట తెల్లమచ్చ. "దాన్నెందుకు తెచ్చావురా?" అని జుట్టు పీక్కున్నాను. "ఎల్లుండే పండుగ. లారీవాడు పొద్దున్నే వచ్చి అడిగిపోయాడు" అన్నాడు వాడు. ఆ మాటలో సగం తీసేయడానికి నాకు మనసొప్పలేదు.

సరిగ్గా అప్పుడే తలెత్తాను. ఆకుపచ్చ చొక్కాకీ చారల తువ్వాలుకీ మధ్యన ఆ కళ్లెం కనిపించింది. ఇత్తడి బిళ్ల, దిష్టికి కట్టిన ఎర్ర కుచ్చు, ఎడమ చెంప పట్టీకి నాన్న వేసిన వంకర కుట్టు. అది రూజా కళ్లెం. గుర్రాలతోపాటే అమ్ముడుపోయిందనుకున్నాను.

గ్రదిమీర్ పైనుంచి గొంతు సవరించుకున్నాడు.

"ఇంటి ఇల్లాలు దేసాంకా కానుక... ఒక కళ్లెం!"

దేసాంకా జున్ను రొట్టెల పళ్లెం బల్లమీద పెట్టి, ఏప్రానుకి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"కట్టెల కొట్టానికి కళ్లెమేమిటని అడగవేమయ్యా?"

"దేసా... అది..."

"పొడుగు కట్టెలకి వేసేదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. నేను చేతులెత్తేశాను.

"సరే! ఇది గుర్రపుశాలే! ఎక్కడికీ పోవద్దు నువ్వు. కావాలంటే కూలగొట్టిస్తాను. కానీ దాన్ని లారీ ఎక్కించకండి. ఎవరైనా చోటివ్వండి."

"గుర్రపుశాలని క్యాలెండరు మీద చూసినప్పుడే తెలుసు. గుమ్మం తిప్పింది నేనే కదా. నేనడిగేది అది కాదు."

"మరేది?"

"గుర్రాల్ని అమ్మిన రోజు మామయ్య ఈ కళ్లెం నా చేతిలో పెట్టాడు. 'వాడు నలుగురిలో నోరువిప్పి నిజం చెప్పిన రోజున ఇవ్వమ్మా' అన్నాడు. నాకు గుర్రాలంటే ఏనాడూ కోపం లేదయ్యా. ఏటి ఒడ్డున వాటంతట అవే ఆగాయి. నేను దిగేదాకా కదల్లేదు. నువ్వు దిగినంత తొందరగా అవి నన్ను దింపలేదు."

నాన్నకి తెలుసు! ముప్పై ఎనిమిదేళ్లుగా ఈవిడకీ తెలుసు!

"మరి గుర్రం ఉంటే నేనుండనన్నావు..."

"అబద్ధం ఉంటే నేనుండనని చెబితే నీకు అర్థమయ్యేదా? నువ్వు గుర్రం అడుగుతావనీ, అప్పుడు నిజం చెబుతావనీ చూశాను. నువ్వు అడగనే లేదు. అడగడానికి బదులు కట్టెల కొట్టం కట్టావు."

ఆవిడ చూపు వెంబడి చూశాను. మూల దుంగమీద బెదురు ఇసిదోర్ కూర్చున్నాడు. అకార్డియన్ ఒళ్లో ఉంది, దాని పట్టీ ఇంకా విప్పలేదు. జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. నాకు తెలిసినప్పుడు ఆ జుట్టు గావ్రాన్ కంటే నల్లగా ఉండేది.

"తొందరేం లేదు తోజా" అన్నాడు. "కూర్చోవడం నాకలవాటే."

"తొందరుంది!" అని పైనుంచి మేస్త్రి. "మబ్బు పట్టింది. యజమాని మాట వినకుండా నేను ఆఖరి మేకు కొట్టను."

కంచె అవతల లాస్తా ఒకసారి సకిలించింది. రూజా గొంతే. సగం కాదు, పూర్తిగా.

నేను టోపీ తీశాను. నా మాటలు ఇవి. ఒక్కటీ మార్చకుండా చెబుతున్నాను:

"ఇసిదోర్, నీ అకార్డియన్‌కి గుర్రాలు బెదరలేదు. పగ్గాలు నేనే వదిలేశాను. తోడిపెళ్లికొడుకు జివాన్ రంగుల చెక్కబుడ్డి అందించాడు. రకియా అంచుదాకా ఉంది. పెళ్లిబట్టల మీద ఒలుకుతుందని రెండు చేతులతో పట్టుకున్నాను. రూజా ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. తోలేవాడెవడూ లేడని దానికి నాకంటే ముందే తెలిసింది. లేచేసరికి మీరంతా అడిగారు. ఎదురుగా నువ్వు కనిపించావు, నీ పేరు చెప్పాను. మరునాడు చెప్పేద్దామనుకున్నాను. ఆ మరునాడు ముప్పై ఎనిమిదేళ్లయింది. ఇంకొక్కటి కూడా చెప్పాలి, దేసా, ఇది నీకు కూడా తెలియదు. బండిమీంచి నేను పడ్డాను, నువ్వు ఏట్లోకి పోబోయావు, కానీ ఆ బుడ్డిలోంచి ఒక్క చుక్క కూడా కింద పడనివ్వలేదు."