లిఫ్టాయన చదివిన గీత

ఆ ఉదయం లిఫ్టాయన ఇంట్లో అనుకున్న పని ఒక్కటే. భార్య నలభై నిమ్మకాయలు పిండి డబ్బా నింపి, గ్లాసులు సర్దడానికి ముందుగా జిమ్‌కు వెళ్తుంది. పదిగంటలకల్లా లిఫ్టాయన డబ్బా మోసుకొస్తాడు. మోయడం ఎప్పుడూ ఆయన వంతే. మూడేళ్లుగా జిమ్ గేటు బయట ఎండలో నిలబడి నిమ్మరసం అమ్ముతున్న ఆవిడకు లోపల కౌంటరు ఇవ్వాలా వద్దా అన్నది జిమ్ కోచ్ ఈరోజు రుచి చూసి తేలుస్తాడు. ఇందులో చెడగొట్టడానికి ఏముందని అనుకుంటాం, లిఫ్టాయనను ఎరగనివాళ్లం.

ఫ్రిజ్ తలుపు మీద కూతురు అంటించిన కాగితం ఆయన కంటబడింది. పరిశోధన చేస్తున్న పిల్ల. మధ్యాహ్నం ప్రొఫెసర్లకు చూపించాల్సిన గ్రాఫ్ అది. పైన 'చిన్నప్రేగులో ఆమ్లత్వం, అమైనో ఆమ్లాల శోషణ' అని ఉంది. తిన్న గుడ్డూ పప్పూ అరిగి అమైనో ఆమ్లాలవుతాయనీ, ప్రేగు వాటిని పీల్చుకుంటేనే కండ పడుతుందనీ కూతురు ఒకసారి చెప్పింది. అడుగున పులుపును కొలిచే పీహెచ్ అంకెలు ఐదు నుంచి ఎనిమిదికి పెరుగుతుంటే పైన గీత కిందికి జారుతోంది. ముప్ఫయ్యేళ్లు లిఫ్ట్ నడిపిన మనిషికి అంకె పెరిగిందంటే పైకి వెళ్లినట్టే. అంటే పులుపు పెరిగేకొద్దీ తిన్నది ఒంటికి పట్టదన్నమాట. కండల కోసం చెమటోడ్చే కుర్రాళ్లకు తన ఇల్లాలు మూడేళ్లుగా ఏం తాగిస్తోంది?

ఆ మాట చెప్పి ఆవిడను బాధపెట్టడం ఆయనకు ఇష్టంలేదు. గుట్టుచప్పుడు కాకుండా పులుపు విరగ్గొడితే చాలనుకుని డబ్బాలో రెండు గుప్పెళ్ల వంటసోడా పోశాడు. అది పొంగబోతే మూత గట్టిగా బిగించి, ఎందుకైనా మంచిదని గ్రాఫ్ జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

జిమ్‌లో కోచ్ గ్లాసు పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. డబ్బా కింద పెట్టగానే మూత ఎగిరి సీలింగుకు తగిలింది. నురగ కోచ్ మీసాల నుంచి బూట్ల దాకా దిగింది.

"ఏం కలిపారండీ?" అంది భార్య, చాలా నెమ్మదిగా. ఆ నెమ్మదంటే ఆయనకు ఇరవయ్యేడేళ్లుగా భయం.

ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గ్రాఫ్ విప్పి చూపించాడు కూడా. బరువులెత్తుతున్నవాళ్లు దింపేశారు. ఈ నెల తిన్న గుడ్లన్నీ వృథాయేనా అంటూ ఒకడు కూలబడ్డాడు. నిమ్మరసం తాగమని సలహా ఇచ్చింది కోచే కాబట్టి అందరూ అతనివైపు తిరిగారు. అతను ఆవిడవైపు తిరిగాడు. కౌంటరు సంగతి ఇక అడగక్కర్లేదని ఆవిడకు అర్థమై, గ్లాసులు ఒక్కొక్కటే సంచిలో పెట్టుకోసాగింది. అది చూస్తుంటే లిఫ్టాయనకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడే గ్రాఫ్ వెతుక్కుంటూ కూతురు రొప్పుతూ వచ్చింది. సంగతంతా విని తండ్రిని పక్కన కూర్చోబెట్టింది.

"నాన్నా, మీరు పనిచేసిన బిల్డింగులో సెల్లార్లెన్ని?"

"మూడు."

"మూడోది పైనుందా, కిందుందా?"

"అన్నిటికన్నా కింద."

"పీహెచ్ కూడా అంతే. అంకె పెరిగితే పులుపు తగ్గుతుంది. కాస్త పులుపుంటేనే ప్రేగు కొన్ని అమైనో ఆమ్లాల్ని బాగా పీల్చుకుంటోంది."

ఆ ఆఖరి మాటకు జనం డబ్బా మీద పడ్డారు. తాను చూసింది గాజుపాత్రలోని ఎలుక ప్రేగు ముక్కనని, తాగిన నిమ్మరసం పులుపును కడుపు దాటగానే క్లోమరసం విరిచేస్తుందని, కాబట్టి దీనివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదని కూతురు మొత్తుకుంది. వినేవాళ్లెవరు? కోచ్ అప్పటికే మీసాలు చప్పరిస్తున్నాడు. రోజూ తాగేదానికి పళ్లు జివ్వుమనేవి. ఇది నాలుక మీద చిటపటలాడుతోంది.

"అమ్మా, రేపట్నుంచి ఇలాగే కలిపి తెండి. కౌంటరు మీదే."

ఆవిడ కళ్లు తుడుచుకుని, భర్తను చూసి పకపకా నవ్వింది. లిఫ్టాయన రొమ్ము విరుచుకుని ఆ కౌంటరు ఎక్కడని అడిగాడు.

జిమ్ కింద, రెండో సెల్లారులో. మెట్లే గానీ లిఫ్ట్ లేదు.