తాబేలుకు కాఫీ

ఆ ఉదయం ప్రోగ్రామర్ వేసుకున్న పథకం చిన్నదే. మేనమామ నడిపే పశువుల ఆసుపత్రిలో పాత కంప్యూటర్లోని వివరాలన్నీ కొత్తదానిలోకి మార్చి, ఆయన ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చేలోగా శభాష్ అనిపించుకోవడం. ఆమెకు దొరికిన మొదటి పని ఇది. చెడితే రెండోది ఉండదు.

మార్చేసింది. తెర చూసిన రిసెప్షనిస్టు బిగుసుకుపోయింది.

"అమ్మాయ్, డాక్టరు గారి పేరు కింద ఇదేంటి? 'కరిచే అలవాటుంది. మూతికి బుట్ట కట్టాకే దగ్గరికి వెళ్ళాలి.'"

"అది కుక్కది కదక్కా!"

"మరి తాబేలుకి 'కాఫీ తాగేదాకా పలకరించొద్దు' అనుందేం?"

ప్రోగ్రామర్‌కు తప్పెక్కడో తెలిసింది. తాము ఎవరివో ఆ హెచ్చరికలకు పేరుతో తెలియదు. 'మూడో రకం, ఏడో నంబరు' అని మాత్రమే తెలుసు. పాత కంప్యూటర్లో మూడో రకమంటే జంతువులు. కొత్తదానిలో సిబ్బంది. జంతువులవి సిబ్బందికీ, సిబ్బందివి జంతువులకీ, హెచ్చరికలన్నీ ఇళ్లు మారాయి.

"లోపల ఆపరేషన్ ఎవరికి?"

"తెల్లపిల్లికి."

పిల్లి పేరు కింద ఏమీ లేదు. దాని హెచ్చరిక కాంపౌండర్ పేరు కింద ఎర్రగా వెలుగుతోంది: 'మామూలు మత్తుమందు పడదు. ప్రాణానికే ముప్పు.'

ప్రోగ్రామర్ పరుగెత్తింది. నడవా ఎంతకీ తరగలేదు. తలుపు అవతల చప్పుడు లేదు. తోసింది.

బల్ల మీద పిల్లి కదిలింది. గోడకు అతుక్కుపోయిన కాంపౌండర్ చేతిలో సూది నిండుగానే ఉంది. డాక్టరు ముఖం కందగడ్డలా ఉంది.

"చూడవే! సూది ఇవ్వరా అంటే వీడు నా దగ్గరికి రాడట. నాకు బుట్ట కట్టాలట!"

"కొత్త కంప్యూటర్ నుంచి ఫోన్లో వచ్చింది సార్," అన్నాడు కాంపౌండర్. "హెచ్చరిక చదవకుండా ఎవరి దగ్గరికీ పోవద్దని మీరే కదా రూలు పెట్టారు..."

"మావయ్యా, ఆ సూది వద్దు!"

పిల్లి నుంచి తాబేలు దాకా జరిగిందంతా ఆమె చెప్పింది. డాక్టరు సూది వంక చూసి చెమట తుడుచుకున్నాడు.

"నీ తప్పే దీన్ని బతికించింది, పో. నంబర్లు తీసేసి పేర్లు పెట్టు. అలాగే తాబేలుకి కాఫీ ఎవడు పోస్తున్నాడో కనుక్కో!"

ప్రతి హెచ్చరికకూ నంబరు బదులు ఎవరిదో వాళ్ల పేరు తగిలించి ఆమె మళ్ళీ మార్చింది. పిల్లిది పిల్లికి, కుక్కది కుక్కకు చేరాయి. రిసెప్షనిస్టు గబుక్కున తెరకు అడ్డం నిలబడింది. వెనకే ఉన్న డాక్టరు తన పేరు కింద ఉన్నది అప్పటికే చదివేశాడు.

తాబేలు కాఫీ తాగదని తేలిపోయింది.