నాలుగు ఆదివారాలు గాల్లో ఉన్న బుల్లెట్టు

ఆయుష్షు పెరగాలంటే పథ్యాలూ వద్దు, పొద్దున్నే నడకలూ వద్దు. తిన్నగా వెళ్లి తుపాకీకి ఎదురుగా నిలబడండి! ఒక్కటే షరతు. బుల్లెట్టు ఎంత దూరం పోతుందో లెక్కగట్టేవాళ్లు బాగా చదువుకున్నవాళ్లయి ఉండాలి.

నవ్వకండి. నేను ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టి ఉలి పట్టిన వడ్రంగిని. కల్పించి చెప్పేంత చదువు నాకు లేదు. నా మీద పేల్చిన బుల్లెట్టు అచ్చంగా నాలుగు ఆదివారాల పాటు గాల్లోనే ఉండిపోయింది!

సంగతేమిటంటే, మా ఇంట్లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక ఆట సాగుతుంది. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక వేషం ఎత్తుకుని, పాచికలు వేస్తూ నోటితోనే కథ నడుపుతారు. కథ జరిగేది ఎక్కడో వేరే గ్రహం మీద. ఆట నడిపించేది మా బావమరిది, కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. మా ఆవిడ అంతరిక్షనౌకకి కెప్టెన్. ఇంట్లో చేసే ఉద్యోగమే కనుక ఆవిడకి కొత్తేమీ లేదు. శత్రువుల తరఫున తుపాకీ పట్టేవాడు బావమరిది స్నేహితుడు. లాప్‌టాప్‌ని అడగనిదే మంచినీళ్లు కూడా తాగడు కనుక నేనతన్ని లెక్కలాయన అంటాను.

బల్ల నేను చేసిందే. నా గీత వంకరపోదని శత్రువుల గోదాము పటం కూడా నాచేతే గీయించారు. ఆ మొహమాటానికి నాకూ ఒక వేషం పడేశారు, నౌకలో మెకానిక్కు.

మొదటి ఆదివారమే లెక్కలాయన ఆ మెకానిక్కు మీద తుపాకీ పేల్చాడు.

“ఆగాగు! ఇక్కడి గాలి మన గాలికి మూడింతలు చిక్కన. నీ బుల్లెట్టు అంత దూరం ఎలా పోతుందిరా?” అన్నాడు బావమరిది.

“గ్రావిటీ సగమే కదరా! ఆ లెక్కన ఇంకా దూరం పోవాలి,” అన్నాడు లెక్కలాయన.

అంతే, మెకానిక్కు బతికిపోయాడు! రెండో ఆదివారమంతా గాలిలో తేమ మీద వాదన. మూడో ఆదివారం బుల్లెట్టు మొన ఎంత కోసుగా ఉందన్నది. నాలుగో వారానికి రేంజి పద్దెనిమిది వందల మీటర్లా, పదిహేడు వందల యాభయ్యా అన్న దగ్గర పాతికేళ్ల స్నేహం చెడేదాకా వచ్చింది.

చూశారా చదువు మహిమ! బుల్లెట్టుకీ గుండెకీ మధ్య మనిషిని నెల రోజులు నిలబెట్టగల డాక్టరెవడైనా ఉన్నాడా? నన్నడిగితే సైన్యానికి ఇద్దరు చొప్పున ఇలాంటివాళ్లని పంపాలి. మొదటి తూటా తగిలేలోగా అందరికీ పింఛను వచ్చేస్తుంది.

మరి నీ వంతెప్పుడూ అంటారా? నేనూ అదే అడిగాను. బుల్లెట్టు తగిలిందో లేదో తేలాకట! టేకు ముక్క అరగదీసి, చుక్కలు దిద్ది, నాకోసం ఒక పాచిక చేసుకున్నాను. నెల నుంచీ చొక్కా జేబులోనే ఉంది.

“ఒక్క మాట చెబుతాను...” అని రెండుసార్లు నోరు తెరిచాను కూడా.

“చదువుకున్నవాళ్లు మాట్లాడుకుంటున్నారు కదా, మీరు కాసేపు ఊరుకోండి,” అంది మా ఆవిడ. “ఆ చేత్తో కాస్త టీ పెట్టండి.”

పెట్టాను. నిన్న నాలుగో ఆదివారం, గ్లాసులు బల్ల మీద పెడుతూ ఉండబట్టలేక అనేశాను. “ఒరే బావమరిదీ, వీళ్లు కాల్చుకునేది గోదాము నడవాలోనే కదా? పటం గీసినవాణ్ణి చెబుతున్నాను, ఆ నడవా ఈ చివర నుంచి ఆ చివరకి ఆరు గజాలు. పద్దెనిమిది వందలతో మీకేం పనిరా?”

లెక్కలాయన మెల్లిగా లాప్‌టాప్ మూసేశాడు.

“అయితే తగిలింది బావా,” అన్నాడు బావమరిది జాలిగా. “పోయావు.”

“నోరు ఊరుకోదు కదా మీకు!” అంది కెప్టెన్.

కనుక మీరూ జాగ్రత్త. చదువుకున్నవాళ్లు లెక్కలో ఉండగా గది పొడవు చెప్పకండి. ప్రాణాల మీదికి వస్తుంది!

సరే, పోయినవాడు ఎలాగూ పోయాడు, ఇంకో వేషమైనా ఇస్తారా అన్నాను. తప్పకుండా ఇస్తారట, పాత మెకానిక్కు శవం నేల మీద పడ్డాక.

“గ్రావిటీ సగం కదన్నా,” అంటూ లెక్కలాయన లాప్‌టాప్ మళ్లీ తెరిచాడు. “గాలి చూస్తే చిక్కన. పడటానికి ఎంతసేపు పడుతుందో చూడాలి.”

ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి నడిచాను. జేబులోంచి పాచిక తీసి గట్టు మీద దొర్లించాను.

ఆరు పడింది! ఎవరూ చూడలేదు.