సన్యాసి పదకొండో వేలు

గోనె మిల్లు మూతపడి మ్యూజియం అయిన ఏడాదే తవుడి కుడిచేతి చూపుడువేలికి అందులో పర్మినెంటు ఉద్యోగం వచ్చింది. తవుడికి మాత్రం రాలేదు. ఆ వేలు ఇరవయ్యేళ్ల కిందట నార దువ్వే యంత్రంలో పడి తెగిపోయింది. ఇప్పుడది తొమ్మిది నుంచి ఐదు దాకా నారగది గుమ్మంలో టేకు పీట మీద ఉండి, వచ్చినవాళ్లకి యంత్రాల గదికీ, అడిగితే పేర్ల పలకకీ దారి చూపిస్తుంది. మధ్యాహ్నం అరగంట విరామం. గోరు తీయించుకోవడానికి నెలకొక పూట సెలవు.

తవుడు ఆ మిల్లులో ఇరవై రెండేళ్లు బదిలీ కూలీ. బదిలీ అంటే పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి, ఎవరు రాకపోతే వాళ్ల పేరు మీద లోపలికి వెళ్లి పని చెయ్యాలి. పేరు ఒక్కటే వాళ్లది. మిగతా ఒళ్లంతా సొంతదే వాడుకోవచ్చు, మిల్లు ఆ విషయంలో ఎన్నడూ అడ్డుచెప్పలేదు.

మిల్లు పనివాళ్ల పేర్లన్నీ ఇత్తడి పలక మీద చెక్కించారని విని భార్య అచ్చియమ్మ అతన్ని తరిమింది.

"ఇరవై రెండేళ్లు నాను కేరేజీ మోసినాను. నీ పేరు ఎక్కడుందో సూసి రా. రేపు నానూ ఒచ్చి సూస్తాను," అంది.

తవుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, టికెట్ కొనుక్కుని వెళ్లాడు. పలక మీద ఎనిమిది వందల పన్నెండు పేర్లున్నాయి. పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి చదివాడు. తనది లేదు.

నారగది దగ్గరికి వచ్చేసరికి వేలు అతన్ని గుర్తుపట్టింది. కాస్త వణికి, యంత్రాల గది వైపు నుంచి తిరిగి, తిన్నగా తవుడి గుండెకేసి నిలిచింది. వెనకాలే వస్తున్న ముప్పై మంది కాలేజీ పిల్లలు వేలు చెప్పినట్టే నడిచి తవుడి చుట్టూ మూగారు. ఫొటోలు తీశారు. ఇది ఏ సంవత్సరం నాటిదని ఒకమ్మాయి మర్యాదగా అడిగితే, తవుడు తను పుట్టిన సంవత్సరం చెప్పాడు. ఆ అమ్మాయి రాసుకుంది.

సూపరింటెండెంట్ కామేశం గారు రిజిస్టరు పట్టుకుని వచ్చారు. రికార్డు ప్రకారం వేలు బెవర సన్యాసిది. ఆ రోజు సన్యాసి ఏదో పెళ్లికి వెళ్తే ఆయన పేరు మీద తవుడు లోపలున్నాడు కాబట్టి, తెగింది సన్యాసి వేలే. సన్యాసికి పది వేళ్లూ నిక్షేపంగా ఉన్న సంగతి ఆఫీసుకి తెలుసు. అందుకే దీన్ని ఆయన పదకొండో వేలుగా రాసుకున్నారు. మనిషికి వేళ్లు ఇన్నే ఉండాలన్న జీవో ఏదీ లేదని ఆడిట్ వాళ్లు కూడా ఒప్పుకున్నారు.

"ఏలు నాదే బాబూ," అన్నాడు తవుడు, నాలుగు వేళ్ల చెయ్యి చాపి. "నాకు ఏలొద్దు. పలక మీద నా పేరెయ్యండి, సాలు."

కామేశం గారు కఠినుడేం కాదు. సాక్షి ఎవరైనా ఉన్నారా అని అడిగారు. వేలు ఇంకా తవుడినే చూపిస్తోంది. ఆయన దాన్ని చూశారు, గోడ గడియారం చూశారు.

"దాని డ్యూటీ దారి చూపించడం, తవుడూ. మనిషిని చూపించడం కాదు."

వేలికి అక్కడికక్కడే మెమో ఇచ్చారు. ఎంక్వైరీ తేలేదాకా సస్పెన్షను. సస్పెన్షన్లో ఉన్నవాళ్ల సాక్ష్యం చెల్లదు. దాన్ని దూదిలో చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశాక, ఖాళీ పీట చూసి ఆయనకి దిగులు పట్టుకుంది. తవుడి ఎడమచేతికేసి ఓసారి చూశారు. రేపు ఎనిమిదింటికి గేటు దగ్గర నిలబడమన్నారు. గ్యారంటీ ఏమీ లేదని కూడా చెప్పారు.

తవుడికి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ గేటు మాట చెవిన పడేసరికి ఒళ్లు దానంతటదే సిద్ధమైపోయింది. ఇంటికెళ్లి, పలక చాలా పెద్దదనీ, కళ్లజోడు లేక పేరు ఆనలేదనీ అచ్చియమ్మకి చెప్పాడు. మిల్లులో పని దొరికేలా ఉందని మాత్రం గట్టిగానే చెప్పాడు.

మర్నాడు ఏడున్నరకే వెళ్తే గేటు దగ్గర అప్పటికే అయిదుగురున్నారు, అందరూ చేతులు శుభ్రంగా కడుక్కుని. వాచ్‌మన్ గోళ్లు చూసి తవుడిని తీసుకున్నాడు. పేరేమిటని అడిగితే తవుడు తడుముకోలేదు.

"బెవర సన్యాసి."

ఎడమ చూపుడువేలు పీట మీద ఆనించి నిలబడ్డాడు. మిగతా మనిషి కనబడకుండా నల్లగుడ్డ కప్పారు. వేలు కాబట్టి మాట్లాడకూడదు.

విరామానికి ఇంకో అయిదు నిమిషాలుందనగా అచ్చియమ్మ వచ్చింది. ఒక చేతిలో కేరేజీ, ఇంకో చేతిలో టికెట్. పీట ముందు ఆగి, పేర్ల పలక ఎటుందని వేలిని అడిగింది.

వేలు వణికింది. వెనక్కి, గుడ్డకేసి తిరిగితే మెమో. నెమ్మదిగా ఎడమకి తిరిగి పలక వైపు నిలిచింది. సరైన దారే.

అచ్చియమ్మ కళ్లజోడు పైటతో తుడుచుకుని అటు వెళ్లింది.