గడ్డి కోయరాదు

ఆ ఆదివారం పెయింటరుకి ఉన్న పని ఒక్కటే, ఇంటి ముందు గడ్డి కోయించడం. సాయంత్రం ఇంటి ఓనరమ్మ వస్తుంది. గడ్డి అలాగే ఉంటే నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేయాలని ఫోనులో చెప్పేసింది. ఆవిడ అన్న మాట మీద నిలబడే మనిషి.

ఇల్లు అద్దెకి తీసుకున్న కొత్తలో ఆ గడ్డిని లాన్ అనేవారు. ఏడాది తిరిగేసరికి దాన్ని ఏమనాలో ఎవరికీ తోచలేదు. కొన్నిచోట్ల నడుం దాకా పెరిగింది, కొన్నిచోట్ల బొత్తిగా మొలవలేదు. గేటు మీంచి విసిరిన న్యూస్ పేపర్లు కొన్ని అందులో పడి మళ్లీ కనిపించలేదు. ఒకసారి ఎవరిదో పిల్లి లోపలికి వెళ్లి, బయటికొచ్చే దారి దొరక్క వీధంతా వినబడేలా అరిచింది. పక్కింటాయన ట్రాఫిక్ పోలీసుగా చేసి రిటైరయ్యాడు. విజిల్ ఇంకా జేబులోనే ఉంటుంది కాబట్టి వీధి మొత్తానికి ఆయన విజిల్ బాబాయి. ఆయన లాన్ తివాచీ పరిచినట్టు ఉంటుంది. దానికి నీళ్లు పెడుతూ రోజూ గోడ మీంచి ఓ మాట విసిరేవాడు.

"ఏమోయ్, మొన్న మీ ఇంటికొచ్చిన చుట్టాలు వెళ్లారా, ఇంకా గడ్డిలోనే తిరుగుతున్నారా?"

"ఉన్నారు బాబాయ్. భోజనానికి కేకేస్తే పలుకుతున్నారు."

ఇలా జవాబు చెప్పి లోపలికి పోవడమే తప్ప పెయింటరు ఏనాడూ కత్తెర పట్టింది లేదు. భార్య నెత్తీ నోరూ బాదుకున్నా నిమ్మకు నీరెత్తినట్టు ఉండేవాడు. ఇంతకు ముందున్న ఇల్లు ఆయన వేళాకోళం వల్లే పోయింది, అక్కడి ఓనరు బట్టతల మీద ఏదో అన్నాడు. దాని ముందు ఇల్లూ ఇంచుమించు అలాగే పోయింది. ఈ ఇల్లంటే భార్యకి ప్రాణం. ఆవిడ లెక్కలు చెప్పే బడి నడిచి వెళ్లేంత దగ్గర, వంటింట్లోకి పొద్దుటెండ వస్తుంది. "ఈసారి సామాన్లు నేను సర్దను. మీరూ మీ జోకులూ సర్దుకోండి," అని శనివారం పొద్దున ఆవిడ చాలా శాంతంగా చెప్పింది. అరిచి చెప్పి ఉంటే పెయింటరు భయపడేవాడు కాదు. వెంటనే గడ్డి కోసే మనిషికి ఫోను చేశాడు.

అక్కడితో ఊరుకుంటే ఈ కథే లేదు. రేపు గడ్డి ఎలాగూ పోతుంది కదా, బాబాయికి ఆఖరి జవాబు ఒకటి చెప్పేద్దామని ఆయనకి బుద్ధి పుట్టింది. సాయంత్రం తను బోర్డులు రాసే షెడ్డు నుంచి వస్తూ రేకు ముక్క ఒకటి తెచ్చాడు. పసుపు మీద నల్లరంగుతో రాసి గడ్డి మధ్యలో పాతాడు: "హెచ్చరిక. ఈ స్థలంలో అరుదైన పిట్ట గూడు పెట్టినది. గడ్డి కోయరాదు. అతిక్రమించిన వారు శిక్షార్హులు."

ఇక్కడ ఓ సంగతి చెప్పాలి. ఆ ఊళ్లో చెత్త వేయరాదు అన్నా, వాహనాలు నిలపరాదు అన్నా, ఆ అక్షరాలన్నీ ఈయనవే. పని కాంట్రాక్టరు పేరు మీద జరుగుతుంది కనుక రాసే చెయ్యి ఎవరిదో మున్సిపల్ ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఏళ్ల తరబడి రాసి రాసి, సరదాకి రాసినా ఆయన చేతికి సర్కారు అక్షరాలే వస్తాయి.

ఆదివారం పొద్దున్నే గడ్డి కోసే మనిషి వచ్చాడు. బండి మీంచి మిషను దింపాడు, బోర్డు చదివాడు, మళ్లీ మిషను ఎక్కించాడు.

"అదేమిటయ్యా? కానివ్వు."

"బోర్డుంది సార్."

"అది నేను రాసిందే. సరదాకి."

"శిక్షార్హులు అని సరదాకి ఎవరైనా రాస్తారా సార్?"

సరే పీకేస్తే పోతుంది కదా అని పెయింటరు గడ్డిలోకి దిగి బోర్డు మీద చెయ్యి వేశాడు. గోడ అవతల విజిల్ మోగింది.

"ఆగు! సర్కారు బోర్డు పీకుతావా?"

"బాబాయ్, మీకోసం పెట్టిందే ఇది. జోకు!"

"నువ్వు రాసేవి కొట్ల బోర్డులోయ్. సర్వీసంతా బోర్డుల కింద నిలబడి ఎండలో మాడినవాణ్ణి, ఏది సర్కారుదో నాకు తెలీదా? పిట్ట పాపం, ప్రశాంతంగా ఉండనీ."

నిన్నటిదాకా ఆ గడ్డిని చూసి నవ్విన మనిషి దాని వంక భక్తిగా చూస్తున్నాడు. పెయింటరుకి ఓ పక్క తన రాతకి ఇంత విలువా అని గర్వం, ఇంకో పక్క కొంప మునుగుతోందని భయం. వంటింటి కిటికీలోంచి, "కోయించడం అయిందా?" అని భార్య గొంతు వినిపించింది.

"ఆ పని మీదే ఉన్నాను!"

నోటితో చెబితే ఎవరూ వినడంలేదు, రాస్తే వింటున్నారు. అలాంటప్పుడు రాయడమే మేలనుకున్నాడు. గబగబా ఇంకో రేకు మీద "ఈ స్థలంలో పిట్ట లేదు. గడ్డి కోయవచ్చును" అని రాసి మొదటిదాని పక్కనే పాతాడు. గడ్డి కోసే మనిషి రెండు బోర్డుల్నీ మార్చి మార్చి చదివాడు.

"మొదటిదాంట్లో శిక్ష ఉంది సార్. రెండోదాంట్లో ఏమీ లేదు. నేను మొదటిదాన్నే నమ్ముతాను."

రెండో బోర్డుతో అసలు చిక్కు మొదలైంది. దారిన పోయేవాళ్లు ఆగారు. లేదని పనిగట్టుకుని రాశారంటే కచ్చితంగా ఉన్నట్టేనని ఒకాయన తేల్చాడు. పిట్టని పట్టుకుపోవడానికి ఎవరో వేసిన ఎత్తు ఇదని ఇంకొకాయన గుసగుసలాడాడు. గడ్డి కోసే మనిషి తను పొద్దున దాని తోక చూశానన్నాడు, ఆకుపచ్చ తోక. కాదు గోధుమరంగని అప్పుడే వచ్చిన మనిషి పోట్లాటకి దిగాడు. జనం రోడ్డు మీదికి పాకేసరికి విజిల్ బాబాయి ఆఫీసుకి ఫోను చేసి, నడిరోడ్డు మీద నిలబడి బళ్లని అటూ ఇటూ మళ్లించడం మొదలుపెట్టాడు. రిటైరయ్యాక ఆయన మొహంలో అంత కళ ఎవరూ చూడలేదు.

ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఆదివారం డ్యూటీలో ఉన్నాడు, ఊరికి బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు. బోర్డు చదివాడు. బోర్డుందంటే ఉత్తర్వు ఉన్నట్టే. ఉత్తర్వు సంగతి తనకి తెలియదంటే తప్పు తన మీదికే వస్తుంది. అందుకని తనకి ముందే తెలుసన్నాడు. టేపు తీసి గడ్డిని కొలవసాగాడు.

"సార్, ఇక్కడ పిట్టా లేదు గిట్టా లేదు. ఉంటే ఒక్కరికైనా సరిగ్గా కనపడదా?" అన్నాడు పెయింటరు.

"అందరికీ కనపడితే అరుదైనది ఎలా అవుతుందండీ?"

ఓనరమ్మ సాయంత్రం దాకా ఆగలేదు. మధ్యాహ్నానికే ఆటో దిగి, జనాన్ని తోసుకుంటూ గేటు దగ్గరికొచ్చింది.

"నా స్థలంలో ఈ సంత ఏమిటి? నేను చెప్పిందేమిటి, నువ్వు చేసిందేమిటి? నా కళ్లముందు ఆ గడ్డి కొయ్యకపోతే రేపే ఖాళీ చెయ్యాలి!"

పెయింటరు వెనక్కి తిరిగి చూశాడు. భార్య గడప మీద నిలబడి ఉంది. ఆవిడ అతని మీద కోప్పడలేదు. ఇంట్లోకి, గూట్లో సర్దిన గిన్నెల వైపు చూస్తోంది. వాటిని మళ్లీ ఏ పెట్టెలో పెట్టాలా అన్నట్టు ఉంది ఆ చూపు. అతనికి చచ్చేంత సిగ్గేసింది. తన నోటిదూల ఆవిడ మొహంలో ఇలా కనిపించడం అదే మొదటిసారి.

"తప్పు నాదేనమ్మా," అన్నాడు అందరికీ వినపడేలా. "పిట్ట లేదు. రెండు బోర్డులూ నేనే రాశాను. మా బాబాయిని ఏడిపిద్దామని రాశాను. ఊళ్లో సర్కారు బోర్డులన్నీ నేనే రాస్తాను."

జనం ముక్కున వేలేసుకున్నారు. ఓనరమ్మ కళ్లు చిన్నవి చేసింది.

"నువ్వే రాశావా? అయితే నా ముందు రాయి."

అట్టముక్క వచ్చింది, రంగు వచ్చింది. ఓనరమ్మ ఒక పక్క, ఇన్‌స్పెక్టరు ఒక పక్క, వీధి మొత్తం వెనకాల నిలబడి మెడలు చాచారు. పెయింటరు బ్రష్షు ముంచి "హెచ్చరిక" అని మొదలుపెట్టాడు. చెయ్యి గజగజ వణికింది. "హె" పక్కకి ఒరిగింది. "చ్చ" ఉబ్బింది. "రి" దగ్గరికొచ్చేసరికి రంగు కారి అట్ట అంచు దాటింది. గోధుమరంగు తోక చూసినాయన కిసుక్కున నవ్వాడు.

ఇన్‌స్పెక్టరు జాలిగా పెయింటరు భుజం తట్టాడు. "బోర్డులు రాయడమంటే అందరి వల్లా అయ్యే పని కాదండీ. దానికి చెయ్యి తిరగాలి."

ఇన్‌స్పెక్టరు ఓనరమ్మ వైపు తిరిగాడు. "ఈ స్థలం ఇక ఉన్నది ఉన్నట్టే ఉండాలమ్మా. ఇంట్లో మనుషులతో సహా. కొత్తవాళ్లొస్తే పిట్ట బెదురుతుంది."

"అంటే వీళ్లని ఖాళీ చేయించకూడదా?"

"పిట్ట వెళ్లేదాకా కుదరదు."

"అదెప్పుడు వెళ్తుంది?"

"వచ్చినట్టే ఎవరికీ తెలీలేదు కదమ్మా. వెళ్లినట్టు ఎలా తెలుస్తుంది?"

ఓనరమ్మ గడ్డినీ, పెయింటరునీ ఒకే రకంగా చూసి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది. తలుపు వేశాక భార్యకి ఇక నవ్వు ఆగలేదు. తలుపుకి ఆనుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "ఇన్నేళ్లలో మీ జోకు ఒక్కటి అక్కరకొచ్చింది," అంది. పెయింటరు మాత్రం నవ్వలేదు. ఇల్లు దక్కిందన్న సంతోషం కంటే, చెయ్యి తిరగాలన్న మాటే మనసులో ముల్లులా గుచ్చుతోంది.

"అందరూ అలా మీదపడి చూస్తుంటే వణికిందే గానీ, లేకపోతేనా..."

"నాకు తెలుసు లెండి. భోజనానికి రండి."

వారం తిరక్కుండా కాంట్రాక్టరు కబురు పెట్టాడు. పిట్ట ఉన్న స్థలం చుట్టూ అలాంటివే ఇంకో మూడు బోర్డులు కావాలని ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. పెయింటరు షెడ్డు తలుపు మూసుకుని, ఒక్కడే కూర్చుని, చెయ్యి ఇసుమంతైనా వణక్కుండా, జన్మలో రాయనంత శ్రద్ధగా మూడూ రాసి పంపించాడు.

అక్షరాలు అసలు బోర్డులా లేవని ఆఫీసువాళ్లు మూడింటినీ తిప్పి పంపారు.