పదిమంది పెళ్లి

సాన్ ఎర్మోజెనెస్ పట్టణ మేయర్, గౌరవనీయ క్రిసాంతో బాల్మోరెస్ గారు ప్రేమను వైరస్ బారి నుంచి కాపాడాలని నిర్ణయించుకున్నారు. ఆ సంగతి ఫేస్‌బుక్ లైవ్‌లో, అందరికీ స్పష్టంగా వినపడాలని మాస్కు గడ్డం కిందికి దించుకుని మరీ ప్రకటించారు. ఆయన తెచ్చిన 'భద్ర కల్యాణ పథకం' ప్రకారం ఇకనుంచి చర్చిలో ఏ పెళ్లికైనా, ఫాదర్‌తో కలిపి, పదిమందే ఉండాలి. వధూవరుల మధ్య ఆరడుగుల దూరం ఉండాలి. ఇద్దరి భుజాల మీదా కలిపి వేసే పెళ్లితాడు అంత దూరం అందదు కాబట్టి, పొడుగు తాళ్లు మునిసిపాలిటీయే ఉచితంగా ఇస్తుంది. ఇంత ముందుచూపున్న నాయకుడు ఫిలిప్పీన్స్ మొత్తం గాలించినా దొరకడు.

ప్రకటన విన్న ఫెలీసా పొయ్యి ఆర్పేసి పిలుపుల జాబితా ముందేసుకుంది. బజార్లో బియ్యపు రొట్టెలు కాల్చి అమ్మే మనిషి. మొగుడు పోయాక కూతురు జోవెలీన్‌ని ఒంటిచేత్తో పెంచింది. పెళ్లినాడు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తనే బలిపీఠం దాకా నడిపించాలి. ఆమెకున్న కోరిక అదొక్కటే. వాయిదా వేద్దామంటే పెళ్లికొడుకు రొడెల్ ఓడలో పనివాడు, పిలుపొస్తే మళ్లీ తొమ్మిది నెలలకు గానీ ఒడ్డెక్కడు. అతని తల్లిదండ్రులు పక్క ద్వీపంలో పడవల్లేక చిక్కుకుపోయారు. ఫెలీసా రెండువందల నలభై పేర్లను పదికి తెచ్చింది. చుట్టాల పేర్లు కొట్టేస్తుంటే ప్రాణం ఉసూరుమంది గానీ, ముగ్గురు ఆడపడుచుల పేర్లు మాత్రం ఒక్క గీతతో పోయాయి.

మర్నాడు మేయర్ గారి కార్యదర్శి టిమోతియో వచ్చాడు.

"నీ పంట పండింది ఫెలీసక్కా! మేయర్ గారే మీ పిల్లకి నినోంగ్‌గా నిలబడతారట!"

నినోంగ్ అంటే పెళ్లికి సాక్షి, ఆ తర్వాత జీవితాంతం పెద్దదిక్కు. ఆర్నెల్ల కిందట ఇదే మాట అడగడానికి వెళ్తే, ఆ రోజు మేయర్ గారికి వేరే మూడు పెళ్లిళ్లున్నాయని గుమ్మంలోంచే పంపేశారు. ఇప్పుడు పెళ్లిళ్లన్నీ ఆగిపోయాయి. ఎన్నికలు దగ్గరపడ్డాయి. నాలుగు నెలలుగా ఆయన ఒక్క పెళ్లిఫొటోలో కూడా లేరు. అంతటి నిగ్రహం మామూలు మనుషులకు సాధ్యం కాదు.

"మా పదీ నిండిపోయాయి బాబూ."

"నినోంగ్‌ని వద్దంటావా?"

అలా వద్దన్న తల్లి ఆ ఊళ్లో ఇంతవరకు పుట్టలేదు. ఫెలీసా తల వంచింది. టిమోతియో వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

"మేయర్ గారు, మేడమ్ గారు, బాడీగార్డు, ఫొటోగ్రాఫరు, ఒక కౌన్సిలరు, ఆ తర్వాత లెక్కపెట్టే ఆఫీసరు."

"లెక్కపెట్టే ఆయనెందుకు?"

"పదికి మించకుండా చూడాలి కదక్కా."

"ఆయన రాకపోతే మా పిన్నికి చోటుంటుంది కదా?"

"ఆయన రాకపోతే చోటుందని ఎలా తెలుస్తుంది?"

టిమోతియో మిగతా వేళ్లు మడిచాడు.

"పెళ్లికూతురు, పెళ్లికొడుకు, ఫాదర్. మొత్తం తొమ్మిది. పదోది నీకే వదిలేశారక్కా. మేయర్ గారిది వెన్నలాంటి మనసు."

శనివారం ఉదయం చుట్టాలందరూ చర్చి గేటు బయట నిలబడ్డారు. లోపల ఫెలీసా కూతురి చెయ్యి పట్టుకుని మొదటి అడుగు వేయబోతుండగా వైస్ మేయర్ గారు దిగారు. మేయర్ గారిని ఫొటోలో ఒంటరిగా వదిలేయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆఫీసర్ జ్వరం చూసే గన్నుతో ఒక్కొక్కరి నుదుటికీ గురిపెట్టి లెక్కపెట్టాడు.

"పదకొండు."

కౌన్సిలర్ పైకప్పు చూశాడు. వైస్ మేయర్ ప్రార్థనలో మునిగిపోయాడు. మేయర్ గారు గొంతు సవరించుకున్నారు.

"చట్టం ముందు అందరూ సమానమే. ఎవరో ఒకరు త్యాగం చెయ్యాలి. ఫెలీసా, నువ్వు బయట ఫోన్లో లైవ్ చూసుకోవచ్చు కదమ్మా."

"నా ఫోన్లో బ్యాలెన్స్ లేదు సార్," అంది ఫెలీసా. ఇరవై నాలుగేళ్లుగా పట్టుకున్న ఆ చెయ్యి వదిలేసింది.

"నువ్వుండమ్మా. నేనెళ్తా," అంది జోవెలీన్. గౌను కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని చరచరా బయటికి నడిచింది.

ఆఫీసర్ మళ్లీ లెక్కపెట్టాడు. "పది. సరిగ్గా సరిపోయింది. కానివ్వండి ఫాదర్."

"పెళ్లికూతురేదయ్యా?"

"లెక్క సరిపోయింది ఫాదర్."

రొడెల్ ఆమె వెనకాలే పరుగెత్తాడు. ఫెలీసా అతని వెనకాల వెళ్లింది. ముసలి ఫాదర్ పుస్తకం మూసి చంకలో పెట్టుకుని తనూ బయల్దేరాడు. "తొమ్మిది... ఎనిమిది... ఏడు," అంటూ ఆఫీసర్ ఆనందంగా రాసుకున్నాడు. ఇంత కట్టుదిట్టంగా నిబంధనలు అమలైన పెళ్లి జిల్లాలోనే లేదని మేయర్ గారు కెమెరాకు చెప్పారు. ఆ ఊపులో దాంపత్య ధర్మం మీద నలభై నిమిషాలు మాట్లాడారు.

గేటు పక్కన ట్రైసికిళ్లు ఆగే రేకుల షెడ్డు ఉంది. అక్కడే పెళ్లి జరిగింది. షెడ్డు గేటుకు పన్నెండడుగులే అయినా, ఫెలీసా కూతురి చెయ్యి పట్టుకుని ఆ దూరాన్ని వీలైనంత సాగదీసి నడిచింది. మునిసిపాలిటీ తాడు మరీ పొడుగైపోవడంతో పిన్ని దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఇద్దరినీ దగ్గరికి లాగి భుజాల మీద వేసింది. ఫెలీసా మాస్కు తడిసి ముద్దయ్యేలా ఏడ్చింది. ఆ ఏడుపులో దుఃఖం చుక్క కూడా లేదు. ఎంతమంది చూశారో మాత్రం చెప్పలేం. అక్కడ లెక్కపెట్టే ఆఫీసరు లేడు.

మూడోనాటికి బజార్లో, సరిగ్గా రొట్టెల బండికి ఎదురుగా, రెండంతస్తుల ఎత్తు ఫ్లెక్సీ లేచింది. 'భద్ర కల్యాణ పథకం తొలి విజయం! నూతన దంపతులకు మీ నినోంగ్ ఆశీస్సులు!' బలిపీఠం ముందు, ఫొటోగ్రాఫరు తప్ప మిగతా ఆరుగురూ పళ్లికిలించి నిలబడ్డారు. మధ్యలో మేయర్ గారు, మేడమ్ గారు.

రొట్టె కోసం వచ్చిన ఓ పెద్దావిడ కళ్లజోడు సర్దుకుని ఆ బొమ్మను ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికింది.

"ఫెలీసా, ఇందులో నీ కూతురేదే?"

ఫెలీసా పెనం మీది రొట్టె తిరగేసింది.

"పదకొండోది."